బీరువాలో ఫోను, బల్ల మీద ఆట

ఒక ఆదివారం ఉదయం పిల్లల ఖుర్ఆన్ పాఠం ముగించి లేవబోతుండగా, ఇస్నాపూర్‌కు చెందిన ఒక సోదరుడు మస్జిదు వరండాలో నా కోసం వేచి ఉన్నారు. పాశమైలారం పారిశ్రామికవాడలోని ఒక కర్మాగారంలో ఆయన షిఫ్టు కార్మికుడు. ఆ వారం రాత్రి షిఫ్టు. పది గంటలకు ఇల్లు విడిచిన మనిషి ఉదయం ఆరు దాటిన తరువాతే ఇల్లు చేరుతారు. కళ్ళలో నిద్ర కన్నా ఆవేదనే ఎక్కువగా కనిపించింది.

"మౌలానా, మీరు చెప్పినట్టే బాబు దగ్గర ఫోను తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా జేబులోనే ఉంది. ఇవాళ ఇంటికి వెళ్ళి చూస్తే, అదే ఆట కంప్యూటర్‌లో ఆడుతున్నాడు. రాత్రంతా పడుకోలేదట. ఫోను ఆట కంప్యూటర్‌లోకి ఎలా వచ్చింది?"

ఫోను తీసివేయమని సలహా ఇచ్చింది నేనే. ఇంటర్మీడియట్ చదువుతున్న కుమారుడికి చదువు నిమిత్తం పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ ఒకటి కొనిపెట్టమని చెప్పిందీ నేనే. ఆ తండ్రి తన జీతంలో నుండి నెలనెలా దాచి దానిని కొన్నారు. ఆయన ప్రశ్నకు నా వద్ద సమాధానం లేదు. తెలియని విషయంలో తీర్పు చెప్పడం ధర్మం కాదు గనుక వారం రోజులు గడువు అడిగాను. పటాన్‌చెరులో కంప్యూటర్ మరమ్మతు దుకాణం నడుపుతున్న నా పూర్వ విద్యార్థి వద్దకు వెళ్ళి, అతని ముందు నేను విద్యార్థినై కూర్చున్నాను. అక్కడ గ్రహించిన విషయాలను పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఫోను కోసం రూపొందిన యాప్‌లను, ఆటలను కంప్యూటర్‌లో నడిపే సాఫ్ట్‌వేర్‌ను ఎమ్యులేటర్ అంటారు. ఇది కంప్యూటర్ లోపల, ఊహలో ఉన్నటువంటి మరొక ఫోనును సృష్టిస్తుంది. ఫోన్లలోని ప్రాసెసర్లు సాధారణంగా ఆర్మ్ తరహాకు చెందినవి. మన ఇళ్ళలోని డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేవి ఇంటెల్, ఏఎమ్‌డీ సంస్థల ఎక్స్86 తరహావి. వీటి భాషలు వేరు. ఉర్దూలో సాగే బయాన్‌ను పక్కన కూర్చున్న మిత్రుడు వాక్యం వెంట వాక్యం తెలుగులో వినిపించినట్లు, ఎమ్యులేటర్ ఒకదాని ఆదేశాలను మరొకదానికి అర్థమయ్యేలా అందిస్తుంది. ఈ శ్రమ వల్లనే పాత కంప్యూటర్లలో వేగం మందగిస్తుంది. ఈ రకం సాఫ్ట్‌వేర్‌లలో ప్రసిద్ధమైన బ్లూస్టాక్స్‌కు కనీసం 4 జీబీ ర్యామ్, 5 జీబీ ఖాళీ స్థలం కావాలి. సాఫీగా నడవాలంటే 8 జీబీ ర్యామ్ ఉండడం మేలు.

ఇది ఆటల కోసం పుట్టినది కాదు. 2007లో ఆండ్రాయిడ్‌ను ప్రకటించినప్పుడు, యాప్‌లు తయారుచేసేవారు ఫోను లేకుండానే తమ పనిని పరీక్షించుకోవడానికి గూగుల్ ఒక ఎమ్యులేటర్‌ను అందించింది. 2011లో బ్లూస్టాక్స్ ప్రయోగాత్మకంగా విడుదలై, సాధారణ ప్రజలకు ఈ సౌకర్యాన్ని దగ్గర చేసింది. మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 11లో ఆండ్రాయిడ్ యాప్‌లు నడిచే ఏర్పాటు చేసి, 2025 మార్చి 5తో దానికి మద్దతు ముగించింది. గూగుల్ 2022లో కంప్యూటర్ల కోసం ప్లే గేమ్స్‌ను ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టింది. కనుక ఆ అబ్బాయి చేసింది మాయా కాదు, దొంగ విద్యా కాదు. దోషమల్లా రాత్రంతా మేల్కొనడంలోను, తల్లిదండ్రులకు తెలియనివ్వకపోవడంలోను ఉంది.

ఈ సాధనం వల్ల మేలు లేకపోలేదు. చూపు మందగించిన పెద్దలకు ఫోను తెరపై ఖుర్ఆన్ అక్షరాలు చదవడం కష్టం. అదే యాప్ పెద్ద తెరపై తెరిస్తే అక్షరాలు, తజ్వీద్ గుర్తులు స్పష్టంగా కనిపిస్తాయి. పాఠాల యాప్‌లను ఇద్దరు ముగ్గురు పిల్లలు కలసి కూర్చుని చూడవచ్చు. అయితే చాలా యాప్‌లకు ఎమ్యులేటర్ అవసరమే ఉండదు. వాట్సాప్ 2015 నుండే కంప్యూటర్ బ్రౌజర్‌లో పనిచేస్తోంది. ఖుర్ఆన్ పఠనానికి, పాఠాలకు వెబ్‌సైట్లు ఉన్నాయి. మొదట ఆ మార్గం చూసి, అది లేనప్పుడే ఎమ్యులేటర్‌ను ఆశ్రయించడం వివేకం.

ఇక తల్లిదండ్రులు తెలుసుకోవలసిన ప్రమాదాలు ఉన్నాయి.

మొదటిది ఖాతా. ఎమ్యులేటర్‌లో ప్లే స్టోర్ తెరవాలంటే గూగుల్ ఖాతా ఇవ్వాలి. పిల్లవాడు తండ్రి ఖాతా ఇస్తే, అందులో భద్రపరచిన ఉత్తరాలు, పరిచయస్తుల నంబర్లు, చెల్లింపు కార్డు సైతం ఆ కంప్యూటర్‌కు చేరువవుతాయి. ఎమ్యులేటర్‌కు ప్రత్యేక ఖాతా ఉండాలి, దానికి ఏ కార్డూ జత చేయరాదు. యూపీఐ యాప్‌లు సిమ్‌తో ముడిపడి ఉంటాయి గనుక వాటిని ఇందులో నడపాలని ప్రయత్నించనే వద్దు.

రెండవది సాఫ్ట్‌వేర్ మూలం. తయారీ సంస్థ సొంత వెబ్‌సైట్ నుండి తప్ప, ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినది, ఉచితంగా అన్నీ తెరుచుకుంటాయని ఆశ చూపేది ఎక్కించరాదు. అటువంటి వాటిలో సమాచారాన్ని దొంగిలించే ప్రోగ్రాములు దాగి ఉండవచ్చు.

మూడవది మోసం. ఫోనుపై వేళ్ళతో ఆడేవారికన్నా మౌస్, కీబోర్డులతో ఆడేవారికి గురి సులభం. అందుకే పబ్జీ మొబైల్ వంటి ఆటలు ఎమ్యులేటర్‌తో ఆడేవారిని గుర్తించి, వారిని వారితోనే పోటీలో నిలుపుతాయి. ఆ గుర్తింపు నుండి తప్పించుకునే ఉపాయాలు కొందరు పిల్లలు వెతుకుతారు. ఆటే కదా అని పెద్దలు నవ్వి ఊరుకుంటారు. కాని తడిసిన ధాన్యాన్ని కుప్ప అడుగున దాచిన వ్యాపారిని దైవప్రవక్త (స) మందలించిన వృత్తాంతం మనకు తెలిసినదే. సరుకు ఏదైనా, దాచి మోసగించడం మోసమే.

నాల్గవది జూదం. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే చట్టాన్ని సవరించి, పందెం కాసే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా డబ్బు పందెపు ఆటలను నిషేధించి, వాటిని నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించింది. మైసిర్ హరామ్ అని సూరా అల్ మాయిదా ద్వారా ఎరిగిన మనకు చట్టం వచ్చేవరకు ఆగవలసిన అవసరం లేదు. పందెం లేని ఆటలలో కూడా, డబ్బు చెల్లించి లోపల ఏముందో తెలియని పెట్టెలను తెరిచే ఏర్పాట్లు ఉంటాయి. వాటిలోనూ అదృష్టంపై సొమ్ము ఒడ్డే గుణమే నాకు కనిపిస్తోంది. పిల్లలను వాటికి దూరంగా ఉంచాలి.

అయిదవది, ఆ సోదరుడి ఇంటిలో జరిగినది: కాలం. ఫోనులో పెట్టిన సమయ పరిమితి ఆ ఫోనుకే పరిమితం. కంప్యూటర్‌లోని విండోస్‌కు వేరుగా పరిమితి పెట్టుకోవాలి. కాలంపై ప్రమాణంతో ఆరంభమయ్యే సూరా అల్ అస్ర్‌ను పిల్లలచేత కంఠస్థం చేయిస్తాం. ఆ ప్రమాణం మన ఇంటి గడియారానికీ వర్తిస్తుందని చెప్పడం మరచిపోతాం.

వారం తరువాత ఆ సోదరుడు వచ్చినప్పుడు ఆయనను ముందు క్షమాపణ కోరాను. నా సలహాలో లోపం ఉంది. నేను పరికరానికి తాళం వేయించాను గాని, కంప్యూటర్ ఎక్కడ పెట్టారని అడగలేదు. అది లోపలి గదిలో, తలుపు వెనుక ఉన్నది. తండ్రి రాత్రి షిఫ్టులో, తల్లి చిన్నపిల్లలతో ముందు గదిలో. ప్రతి వ్యక్తీ కాపరియేనని, తన సంరక్షణలోని వారి గురించి జవాబు చెప్పుకోవలసి ఉంటుందని దైవప్రవక్త (స) బోధించారు. మందను చూడగలిగే చోట నిలవడమే కాపరి మొదటి పని.

ఫోను తెర చిన్నది, అరచేతిలో దాగిపోతుంది. కంప్యూటర్ తెర పెద్దది. నలుగురు తిరిగే చోట పెడితే దాచడానికి వీలుండదు. నేను ప్రమాదమనుకున్న విషయంలోనే ఉపాయం ఉన్నదని అప్పుడు తెలిసింది. ఆ రోజే కంప్యూటర్‌ను ముందు గదిలోకి, తెర అందరికీ కనిపించేలా మార్చారు. ఇషా తరువాత దానిని ఆపివేయాలని నియమం పెట్టుకున్నారు. తండ్రి రాత్రి షిఫ్టులో ఉన్న వారం కరెంటు వైరు తల్లి వద్ద ఉంటుంది. అసర్, మగ్రిబ్‌ల మధ్య ఒక గంట ఆటకు అనుమతి ఇచ్చారు. నిషేధం కన్నా ఒప్పందం నిలుస్తుందని ఆ తల్లి అన్న మాట నాకు నచ్చింది.

ఈ నియమాలను ఆ అబ్బాయి ఒకసారి అతిక్రమించాడు కూడా. తండ్రి అరవలేదు. ఫజ్ర్‌కు లేపి, మస్జిదుకు వెంటబెట్టుకుని వచ్చి, తిరుగుదారిలో మాట్లాడారు. ఇప్పుడు ఆ ఎమ్యులేటర్‌లో ఖుర్ఆన్ యాప్‌ను ఎక్కించి, అక్షరాలు పెద్దవి చేసి, నానమ్మ కోసం రోజూ తెరుస్తున్నది ఆ అబ్బాయే. మనుమడు పేజీ తిప్పుతుంటే ఆమె చదువుకుంటున్నారు.

మీ ఇంటిలో కంప్యూటర్ ఉంటే, అది ఏ గదిలో ఉన్నదో, దాని తెర ఎటు తిరిగి ఉన్నదో ఈ రోజే చూడండి. అందులో ఏమున్నదో పిల్లలను కోపంతో కాక, నేర్చుకోవాలన్న ఆసక్తితో అడగండి. వారు చూపిస్తారు.

అల్లాహ్ మన సంతానాన్ని మన కళ్ళకు చల్లదనంగా చేయుగాక! వారి కాలంలో, మన కాలంలో శుభాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.