ఇల్లు కొనుగోలుపై పన్ను: న్యాయమెంత? ఊరట ఎవరికి?

ఇల్లు కొన్నప్పుడు చెల్లించే పన్ను మిగిలిన పన్నులవంటిది కాదు. ఆదాయపు పన్ను సంపాదన చేతికి వచ్చిన తర్వాత కట్టేది. ఇంటిపన్ను ఏటేటా కట్టేది. స్టాంపు డ్యూటీ మాత్రం, మనిషి ఉన్న సొమ్మంతా ఊడ్చి ఇంటికి పెట్టిన సమయంలోనే, ఒక్కసారిగా కట్టవలసి వస్తుంది. ఇది న్యాయమైన పన్నేనా? ప్రభుత్వాలు అప్పుడప్పుడు ప్రకటించే తాత్కాలిక తగ్గింపులవలన లాభపడేది ఎవరు? హైదరాబాదుకు తూర్పున గల ఉప్పల్, నాచారం ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని ఈ ప్రశ్నలను పరిశీలించవచ్చు.

ఈ రెండూ పారిశ్రామికవాడలతో పెరిగిన ప్రాంతాలు. నాచారంలోని ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి అక్కడి కార్మిక జీవనానికి గుర్తు. ఉప్పల్ కలాన్ మునిసిపాలిటీ 2007లో గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసింది. 2017 నవంబరులో నాగోలు నుండి ఉప్పల్ మీదుగా మెట్రో రైలు నడవసాగింది. రాకపోకలు సులువైనచోట స్థలాల ధర పెరగడం సహజం. ధరతోపాటు పన్నూ పెరుగుతుంది. దస్తావేజులో వ్రాసిన వెల, ప్రభుత్వం నిర్ణయించిన మార్కెట్ విలువ, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దానిపైనే పన్ను లెక్కకట్టడం జరుగుతుంది.

తెలంగాణలో 2021 జూలై 21 వరకు స్టాంపు డ్యూటీ 4 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 0.5 శాతం, వెరసి 6 శాతంగా ఉండేది. మరునాటి నుండి స్టాంపు డ్యూటీ 5.5 శాతమై, మొత్తం 7.5 శాతానికి చేరింది. అంటే 40 లక్షల రూపాయల ఫ్లాటుపై చెల్లించవలసిన సొమ్ము 2 లక్షల 40 వేల నుండి 3 లక్షలకు పెరిగింది. అదే రోజున మార్కెట్ విలువలను కూడ సవరించారు. 2022 ఫిబ్రవరి 1న మరల పెంచారు.

1899 నాటి భారత స్టాంపు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే విక్రయ దస్తావేజుపై ఈ భారం కొనుగోలుదారునిదే. ధర పెరిగినందువలన లాభం పొందినది అమ్మినవాడు. పన్ను కట్టేది కొన్నవాడు. ముప్పది ఏళ్ళుగా ఒకేచోట ఉన్నవాని స్థలం విలువ పది రెట్లు పెరిగినా, అతడు అమ్మనంతవరకు ఈ పన్ను ఎవరూ కట్టరు. ఉద్యోగరీత్యా రెండుసార్లు ఇల్లు మారినవాడు రెండుసార్లూ కడతాడు. ఆస్తి సమానమైనా భారం సమానం కాదు.

ప్రభుత్వానికి రాబడి అవసరమే. రోడ్లు, నీరు, మురుగుకాలువలు సొమ్ము లేనిదే రావు. కాని పన్ను భరింపరానిదైనప్పుడు సామాన్యుడు నోటరీ కాగితంతో సరిపెట్టుకోవడానికి సిద్ధపడతాడు. అటువంటి కాగితం హక్కును ఇవ్వదు. నేడు మిగిలిన సొమ్ము రేపు బిడ్డలకు వ్యాజ్యమై కూర్చుంటుంది. ఖలీఫా హారూన్ రషీద్ కొరకు ఇమామ్ అబూ యూసుఫ్ వ్రాసిన ‘కితాబుల్ ఖరాజ్’ ఈ సందర్భంలో గమనించదగినది. భూమిపై మార్పులేని మొత్తం విధించడంకంటె పండినదానిలో వాటా తీసుకోవడం మేలని ఆయన సూచించారు. చెల్లించేవాని శక్తిని చూడాలన్నదే ఆ సూచనలోని సారం.

ఇక తాత్కాలిక ఊరట సంగతి. కరోనా కాలంలో మహారాష్ట్ర ప్రభుత్వం ముంబయిలో 5 శాతంగా ఉన్న స్టాంపు డ్యూటీని 2020 సెప్టెంబరు నుండి డిసెంబరు వరకు 2 శాతానికి, 2021 జనవరి నుండి మార్చి వరకు 3 శాతానికి తగ్గించింది. డిసెంబరు గడువు దగ్గరపడగానే రిజిస్ట్రేషన్లు వెల్లువెత్తాయి. ఇంగ్లండులో 2020 జూలై 8 నుండి 2021 జూన్ చివరివరకు 5 లక్షల పౌన్ల వరకు ఈ పన్నును ఎత్తివేశారు. అయితే తొలి ఇల్లు కొనేవారికి అక్కడ 3 లక్షల పౌన్ల వరకు మినహాయింపు 2017 నుండియే ఉంది. కొత్త తగ్గింపు అందరికీ వర్తించడంతో వారికున్న ప్రత్యేక సౌలభ్యం చాలవరకు పోయింది. పోటీ మాత్రం మిగిలింది. గడువు పెట్టిన ఊరట, అప్పటికే సొమ్ము సిద్ధంగా ఉన్నవానికి అందుతుంది. ఇంకా కూడబెట్టుకొంటున్నవానికి అందదు. పైగా కొనేవారంతా ఒకేసారి ఎగబడితే, తగ్గిన పన్నులో కొంత ధర రూపంలో అమ్మేవాని చేతికే పోతుంది.

ముస్లిం పాఠకులు గమనించవలసిన విషయం మరొకటి ఉంది. 2019 ఏప్రిల్ నుండి 2022 మార్చి వరకు మంజూరైన గృహ రుణాలపై, 45 లక్షలకు మించని తొలి ఇంటికి, ఏడాదికి లక్షన్నర రూపాయల వరకు కేంద్రం ఆదాయపు పన్నులో అదనపు మినహాయింపునిచ్చింది. ఆ మినహాయింపు వడ్డీపైనే. వడ్డీని హరామ్‌గా భావించి, ఏళ్ళ తరబడి కూడబెట్టి ఇల్లు కొన్నవానికి అందులో భాగం లేదు.

వడ్డీలేని మార్గమైన మురాబహాలో సంస్థ ముందు ఇల్లు కొని, పిదప లాభం చేర్చి వాయిదాలపై అమ్ముతుంది. దస్తావేజులు రెండు, కనుక పన్నూ రెండుసార్లు. పై లెక్కన 40 లక్షల ఇంటిపై, లాభాన్ని లెక్కించకపోయినా, 3 లక్షలకు బదులు 6 లక్షలవుతుంది. నివసించేది ఒకే కుటుంబం, ఇల్లు ఒక్కటే. బ్రిటన్ ఈ చిక్కును 2003 ఫైనాన్స్ చట్టంతో తొలగించి, ఇటువంటి కొనుగోళ్ళపై రెండవసారి పన్ను లేకుండా చేసింది. అది ముస్లిములకు చేసిన దానం కాదు. ఒక ఇంటికి ఒక పన్ను అన్న న్యాయం మాత్రమే.

కాబట్టి కావలసినది ఆరు నెలల తగ్గింపు కాదు. తొలి ఇంటికి, చిన్న ఇంటికి తక్కువ రేటు. విలువనుబట్టి పెరిగే మెట్లు. సొమ్ము ఏ మార్గాన సమకూర్చుకున్నా ఒకే భారం. ఇవి చట్టంలో శాశ్వతంగా ఉన్నప్పుడు, నాచారం కార్మికుడు గడువు తేదీని చూసి తొందరపడక, తన శక్తినిబట్టి ఇల్లు కొనుక్కోగలుగుతాడు.