ఆటను చదువుగా నేర్పిన రహీం సాహెబు

పాఠశాలలో వ్యాయామోపాధ్యాయునికి లభించే స్థానమేమిటో అందరికీ తెలిసినదే. పరీక్షలు దగ్గరపడినప్పుడు మొట్టమొదట ఎగిరిపోయేది ఆటల పీరియడ్డు. వార్షికోత్సవమునాడు మైదానంలో సున్నపు గీతలు గీయించి, కుర్చీలు సర్దించేది ఆయన. వేదికపై దండలు వేయించుకొనేది వేరొకరు. అట్టి ఉపాధ్యాయులలో ఒకరు హైదరాబాదులోని ఒక బడినుండి బయలుదేరి, భారతదేశమును ఆసియా ఖండమున ఫుట్‌బాల్ క్రీడలో రెండుమార్లు ప్రథమస్థానమున నిలిపారు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్ళందరికీ రహీం సాహెబు.

రహీం 1909వ సంవత్సరం ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి ఏర్పరచుకొన్న 'ఎలెవెన్ హంటర్స్' జట్టులోను, తరువాత నగరపు లీగు పోటీలలో పేరుమోసిన కమర్ క్లబ్బులోను ఆడారు. జీవనోపాధికి ఉపాధ్యాయ వృత్తిని చేపట్టారు. కాచిగూడ మాధ్యమిక పాఠశాల, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల ఆయన పనిచేసిన చోట్లు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా సంపాదించి, చివరి రెండు పాఠశాలలలో ఆటల బాధ్యతను స్వీకరించారు. 1940వ దశకంలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, ఆ పనిని తుదివరకు విడువలేదు.

ఆయన బోధనా పద్ధతిని గమనింపవలసియున్నది. ఎక్కాలు రాని పిల్లవానికి భాగహారము చెప్పబోయే ఉపాధ్యాయుడు ఎక్కడా ఉండడు. కాని మైదానంలో మాత్రం ఆనాడు జరుగుతున్నది అదే. కుర్రవాడు బంతిని కాలికి అంటించుకొని నలుగురిని తప్పించుకొని పోగలిగితే చాలు, జనం చప్పట్లు కొట్టేవారు. ఎడమకాలికి బంతి వచ్చినపుడు వాడు ఏమి చేయునో అడిగినవారు లేరు. రహీం అడిగారు. పిల్లలకు విచిత్రమైన పోటీలు ఏర్పాటుచేశారు. ఒక పోటీలో ఎవరికి ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడవలెను. మరొక పోటీలో బంతిని వెంట నడిపించుకొని పోరాదు. వచ్చిన బంతిని వచ్చినట్లే తోటివానికి అందించవలెను. ఈ నిబంధనలు చూచేవారికి వేళాకోళముగా తోచియుండవచ్చును. వాటిలో దాగినది శుద్ధమైన పాఠక్రమము. ఒక్కొక్క పోటీ ఒక్కొక్క లోపమును వెలికితీసి, దానినే మరల మరల అభ్యాసం చేయించేది. బంతిని తనయొద్ద ఉంచుకొనరాదన్న నియమం వల్ల పిల్లవాడు తలయెత్తి తోటివాడు ఎక్కడ ఉన్నాడో చూడక తప్పదు. పదిమందితో కలిసి ఆడటమనే విద్య ఆ చూపులోనే ప్రారంభమగును.

1950వ సంవత్సరంలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆయన చేతికి వచ్చినది. ఫుట్‌బాల్ అంటే కలకత్తా అని దేశం అనుకొనే రోజులవి. ఆ సంవత్సరం మొదలు 1954 వరకు వరుసగా ఐదుమార్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును పోలీసు జట్టు గెలుచుకొన్నది. 1950లోనే ఢిల్లీలో డ్యూరాండ్ కప్పును కూడ మోహన్ బగాన్‌ను ఓడించి తెచ్చినది. 1954, 1957 సంవత్సరాలలో ఆ కప్పు మరల హైదరాబాదుకు వచ్చినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టుగా పేరు మారిన పిమ్మట 1961లో నాలుగవమారు వచ్చినది.

జాతీయ జట్టు శిక్షకునిగా రహీం తొలి విజయం 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడోత్సవములది. అంతిమ పోటీలో మేవాలాల్ కొట్టిన ఒకే ఒక గోలుతో ఇరాన్‌పై భారత్ గెలిచి స్వర్ణపతకం అందుకొన్నది. మరుసటి సంవత్సరమే గర్వభంగం జరిగినది. హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో మన జట్టు ఓడినది. ఆ చలిదేశంలో మనవారు పలువురు బూట్లు లేకుండ ఆడినారు. అటుపిమ్మట బూట్లు తప్పనిసరి అయినవి. ఓటమిని అదృష్టము మీదికి నెట్టివేయక, దానిని చదివి సరిదిద్దుకొనవలెనని ఆ పది గోళ్ళు నేర్పినవి.

ఆనాటి మన జట్లు వెనుక ఇద్దరు, మధ్య ముగ్గురు, ముందు ఐదుగురు అనే పాత అమరికతో ఆడేవి. వెనుక నలుగురు, మధ్య ఇద్దరు, ముందు నలుగురు అనే కొత్త అమరికను బ్రెజిల్ 1958 ప్రపంచ కప్పు విజయంతో లోకప్రసిద్ధం చేసినది. దాని మర్మమును గ్రహించి మన ఆటగాళ్ళకు అలవరచినది రహీం. ఎదుటివారి దాడికి నలుగురు అడ్డు నిలుతురు; మధ్యనున్న ఇద్దరు రెండు వైపులా పరుగెత్తుతూ ఆటను కలుపుతారు. ఎవరి చోటు ఏదో, ఎవరి పని ఏదో తెలిసిన జట్టుకే ఇది సాధ్యం.

1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆ శ్రమ ఫలించినది. ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియాను మన జట్టు 4-2 తేడాతో ఓడించినది. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్ళు కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనలు చేరిన తొలి ఆసియా దేశం మనదే. అక్కడ యుగోస్లావియా 4-1తోను, కాంస్యపతక పోటీలో బల్గేరియా 3-0తోను గెలువగా, భారత్ నాల్గవస్థానంలో నిలిచినది. హెల్సింకీలో పది గోళ్ళు తిన్న జట్టుకు నాలుగేండ్లలో ఇది చిన్న ప్రయాణం కాదు.

ఆ జట్టులో సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం అనే కుర్రవాడున్నాడు. పేదయింటి బిడ్డ. రహీం అతని ఆటను చూచి శిక్షణకు రమ్మన్నారు. హైదరాబాదు వచ్చి పోవడానికి డబ్బులేదని అతడు చెప్పగా, బాడుగ సైకిలు ఖర్చు తామే ఇచ్చారని బలరాం వృద్ధాప్యంలో సైతం కృతజ్ఞతతో చెప్పుకొనేవారు. ఆ సైకిలు బాడుగ దేశానికి ఒక మహా క్రీడాకారుని ఇచ్చినది.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ చేతిలో 2-1తో మాత్రమే ఓడి, ఫ్రాన్సుతో 1-1గా సమముగా నిలిచిన జట్టు కూడ ఆయన తీర్చినదే. పెరూ చేతిలో ఓడి అది ముందుకు సాగలేకపోయినది.

చివరి పరీక్ష 1962లో జకార్తా ఆసియా క్రీడలలో ఎదురైనది. అప్పటికే రహీం శరీరమును క్యాన్సరు వ్యాధి తొలుచుచున్నది. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా 2-0తో మనలను ఓడించినది. తరువాత థాయిలాండును 4-1తో గెలిచినను, ఆ ఆటలో వెనుక కోటవంటి జర్నైల్ సింగుకు తలపై గాయమై కుట్లు పడినవి. జపాను మీద 2-0తో గెలిచి జట్టు సెమీఫైనలు చేరినది. అక్కడ రహీం సాహసించి, గాయపడిన ఆ వెనుకవరుస ఆటగాణ్ణి ముందువరుసలో సెంటర్ ఫార్వర్డుగా నిలిపారు. దక్షిణ వియత్నాంపై 3-2తో విజయం లభించినది.

ఫైనలు సెప్టెంబరు 4వ తేదీన, మరల దక్షిణ కొరియాతోనే. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానీయనందుకు క్రీడోత్సవాల గుర్తింపునే భారతీయ క్రీడాధికారి గురుదత్ సోంధీ ప్రశ్నించుటచే, ఇండొనీషియా ప్రజలు మనవారిపై మండిపడుచుండిరి. క్రిక్కిరిసిన స్టేడియంలో అధికసంఖ్యాకులు మన ఓటమిని కోరినవారే. ఆ హోరులో తొలి ఇరవై నిమిషాలలోనే పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగు మరొక గోలు కొట్టారు. కొరియా చివరలో ఒకటి తీర్చినను, 2-1తో స్వర్ణపతకం చుని గోస్వామి నాయకత్వంలోని మన జట్టుకే దక్కినది.

తొమ్మిది నెలలు గడిచినవి. 1963 జూన్ 11వ తేదీన రహీం కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు యాభైమూడేండ్లు.

తరువాతి కథ అందరూ ఆలోచింపదగినది. 1964లో ఆసియా కప్పులో భారత్ రెండవస్థానం, 1970 ఆసియా క్రీడలలో కాంస్యపతకం సంపాదించినది. స్వర్ణపతకం మాత్రం జకార్తా తరువాత మరల రాలేదు. ఇందుకు కారణములు అనేకం ఉండవచ్చును. ఒకటి మాత్రం సులభముగా కనుపించును. రహీం సాధించినది ఒక జట్టు విజయం మాత్రమే అయియుంటే ఆ ఆటగాళ్ళు ఉన్నంతకాలం అది నిలిచేది. ఆయన చేసినది అంతకన్న కష్టమైన పని: బడిపిల్లలకు ఎడమకాలి పోటీలు పెట్టడం, బీదకుర్రవానికి దారిఖర్చు ఇవ్వడం, ఓటమి తరువాత అమరిక మార్చడం. ఈ పని ప్రతి తరమునందును ఎవరో ఒకరు మొదటినుండి చేయవలసినదే. దానిని ఒక వ్యక్తి ఓపికకు వదలివేయక, ఒక వ్యవస్థగా నిలుపుకొనలేకపోవడమే మనకు కలిగిన నష్టం.

బెనర్జీ, బలరాం, గోస్వామి, జర్నైల్ సింగు, వీరందరికీ అర్జున పురస్కారాలు వచ్చినవి. శిక్షకుల కొరకు ద్రోణాచార్య పురస్కారం 1985లో ఏర్పడినది. అప్పటికి రహీం పోయి ఇరవైరెండేండ్లు. ఆయన జీవితం ఆధారముగా 'మైదాన్' అనే హిందీ చలనచిత్రం 2024లో వెలువడిన తరువాత, ఆయన పేరు వినని తరము కూడ విన్నది. పేరు వినడం మంచిదే. ఏ పాఠశాలలోనైనా పరీక్షల పేరిట ఆటల పీరియడ్డును కొట్టివేయబోయేముందు, ఆ గంటలో ఏ బలరాం మైదానం గట్టున నిలిచి చూచుచున్నాడో అని ఒక్క క్షణం ఆలోచించడం అంతకన్న మంచిది.