వానచుక్క పాతాళయాత్ర

పరిశోధనశాలలో నాకు నిత్యకృత్యమైన పని ఒకటున్నది. నిలువు గాజుగొట్టంలో సిలికా పొడి నింపి పైనుండి ద్రావణం పోస్తే, అందులోని పదార్థాలు ఒక్కొక్కటి ఒక్కొక్క వేగంతో దిగివస్తాయి; కొన్ని పొడిని అంటిపెట్టుకొని కదలనే కదలవు. దీనినే క్రొమటోగ్రఫీ అంటారు. మా నల్లగొండ జిల్లా నేల కూడ అటువంటి గొట్టమేనని తోచడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఎర్రనేలలో నీరు వడిగా ఇంకుతుంది. నల్లరేగడి సంగతి వేరు: వేసవిలో నెర్రెలు విచ్చిన రేగడి తొలకరిని గటగటా త్రాగి, బంకమన్ను ఉబ్బగానే నోరు మూసుకొంటుంది. ఇంకినదానిలోనూ అధికభాగం వేళ్ళకూ ఎండకూ పోతుంది. మిగిలినది దిగే తీరు విచిత్రం. ఈనాటి వాన సాధారణంగా నేరుగా బావిని చేరదు. తనకు ముందున్న పాతనీటిని రైలుపెట్టెలవలె క్రిందికి నెట్టుతుంది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు మట్టిలోకి ట్రిటియం చొప్పించి, వర్షాకాలానంతరం అది ఎంత లోతుకు దిగిందో చూచి ఈ నడకను కొలిచారు.

ఇక రసాయనశాస్త్రం. వేళ్ళూ సూక్ష్మజీవులూ విడిచే బొగ్గుపులుసు వాయువు మట్టిలో బయటిగాలిలో కంటె పదులరెట్లు అధికం. దానిని కలుపుకొన్న నీరు గ్రానైటును మెల్లగా కరిగిస్తుంది. అభ్రకంలోను, ఫ్లోరైటులోను దాగిన ఫ్లోరైడు బయటపడుతుంది. నీటిలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడును కట్టడి చేస్తుంది. కాని మెట్టనేలల్లో ఆ కాల్షియం కొంత సున్నపుగడ్డలుగా విడిపోతుంది. కొంత బంకమన్ను పట్టుకొని బదులుగా సోడియంను వదలుతుంది. ఫ్లోరైడుకు ఇక అడ్డులేదు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రమాణం. మించితే పిల్లల పళ్ళు గారపడతాయి. బాగా హెచ్చితే ఏళ్ళు గడిచేకొద్దీ ఎముకలు వంగుతాయి. మా తరగతిలో అటువంటి పళ్ళు వింతగా ఎవరికీ తోచలేదు.

2016లో మొదలైన మిషన్ భగీరథతో కృష్ణాజలం ఇళ్ళకు వచ్చినా, బోర్ల వాడకం పోలేదు. మా సంఘమిత్రులు కొందరు నిరుడు ఒక పల్లెకు బోరు దానం చేయదలచి, ఎంత లోతైతే అంత స్వచ్ఛమనుకొన్నారు. లోతునీరు రాతితో ఎక్కువకాలం కాపురం చేసినది. ఫ్లోరైడు తరచు అక్కడే హెచ్చు. చెరువు పూడిక తీయిద్దామన్నాను. వాదం గంటన్నర సాగింది. చివరకు చుట్టుపట్ల బోర్లనీటిని ముందుగా పరీక్షించడానికి మాత్రం ఒప్పుకొన్నారు. సీసాలు ప్లాస్టిక్‌వే పంపమన్నాను. గాజుకు ఫ్లోరైడు కొంత అంటుకొంటుంది.