గుఱ్ఱపు స్వారి: ఏ పద్ధతి నేర్వవలెను?

"రౌతు కొద్దీ గుఱ్ఱము" అని మన పెద్దల సామెత. గుఱ్ఱము మంచిదగుటయు, మొండిదగుటయు పైన కూర్చున్నవానిని బట్టియే యుండునని దాని భావము. అయినను మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములనుండి స్వారి నేర్వగోరు యువకులకు తొలుత తోచు సందేహము వేఱు. ఇంగ్లీషు పద్ధతి నేర్వవలెనా, చలనచిత్రములలో అమెరికా పశుకాపరులు చేయు వెస్టర్ను పద్ధతి నేర్వవలెనా? ఈ సందేహమును తీర్చుటకు ప్రయత్నింతుము.

ఈ రెండును రెండు వేర్వేరు పనులనుండి పుట్టినవి. కంచెలను, కాలువలను దుముకుచు వేటాడినవారినుండియు, ఆశ్వికదళములనుండియు ఇంగ్లీషు పద్ధతి వచ్చినది. దాని జీను తేలికైనది, చదునైనది. రౌతు రెండు చేతులతో పగ్గములు పట్టి, కళ్ళెము ద్వారా గుఱ్ఱపు నోటితో మృదువైన సంబంధము నిలుపుకొనును. కుదుపు పరుగులో గుఱ్ఱపు అడుగుల లయననుసరించి లేచుచు, కూర్చుండుచు నుండును.

వెస్టర్ను పద్ధతి స్పెయిను దేశీయులు మెక్సికోకు గొనిపోయిన స్వారినుండి పెరిగినది. దినమంతయు మందల వెంట తిరుగవలెను గనుక దాని జీను లోతైనది, బరువైనది. రౌతు బరువును గుఱ్ఱపు వీపుపై విశాలముగా పంచును. జీను ముందుండు కొమ్ము పశువును పట్టిన త్రాటిని చుట్టుటకేగాని పడబోవువాడు పట్టుకొనుటకు గాదు. పగ్గములు వదులుగా ఒక్క చేతనే యుండును. పగ్గము మెడకు ఒక ప్రక్క తాకినచో గుఱ్ఱము రెండవ ప్రక్కకు తిరుగును.

ఇందు మనకు సంబంధించిన విశేష మొకటి గలదు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కంభము చెఱువును నింపి, ఒంగోలు సీమ మీదుగా సముద్రమును చేరుచున్నది. ఆ సీమ పేరు మోయు ఒంగోలు జాతి పశువులు నెల్లూరు పశువులను పేర విదేశములకు పోయినవి. అమెరికాలోని బ్రాహ్మను జాతిలో వాని రక్తమును కలసియున్నది. అక్కడి కాపరి ఆ పశువులను గుఱ్ఱముపై నుండి తోలుచుండగా, ఇక్కడి కాపరి చేతికఱ్ఱతో నడచియే మందను మేపుకొని వచ్చినాడు. పని లేనిచోట పద్ధతి పుట్టదు గదా!

మన దేశమున గుఱ్ఱము యుద్ధమునకును, అధికారమునకును, దేవుని వాహనసేవకును చెందినది. విజయనగర రాజులు అరబ్బీ గుఱ్ఱములను ఓడలపై తెప్పించుకొన్నారు. ఈటె పట్టిన రౌతుకు పగ్గములకు మిగులునది ఒక్క చేయియే. 1918లో హైఫాను గెలుచుకొన్న దళములతోపాటు ఒకే బ్రిగేడున నుండిన హైదరాబాదు లాన్సర్లు ఈటెలు ధరించినవారే. నేటి పోలో ఆటగాడును తేలిక జీనుపై కూర్చుండి, ఒక్క చేతనే గుఱ్ఱమును త్రిప్పును. కావున ఒంటిచేతి స్వారి అమెరికా వారి సొత్తు గాదు. ఇంగ్లీషు జీను దానికి అడ్డును గాదు.

ఇక నేర్చు తావుల మాట. హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీలో శిక్షణ పొందు అధికారులకు స్వారి ఒక పాఠము. ఆ నగరమున ఇతరులకు నేర్పుచోటులందును చాలవఱకు ఇంగ్లీషు పద్ధతియే నడచుచున్నది. ఒలింపిక్సులోని అశ్వక్రీడలు మూడును ఆ పద్ధతికి చెందినవే. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలలోను, 2023లో హాంగ్జౌలోను మనవారు స్వర్ణపతకములు గెలిచినది ఈ క్రీడలలోనే. పోటీలు, దుముకుట, పోలో కోరువారికి ఇదియే దారి. దీర్ఘకాలము నెమ్మదిగా దారి నడువగోరువారికి వెస్టర్ను జీను సుఖము. కాని మనకు దాని గురువులు అరుదు.

లోతైన జీను మొదటి దినముననే ధైర్యమిచ్చును. అయితే తూకము కుదరని లోపమును దాచును. చదునైన జీను ఆ లోపమును వెంటనే బయటపెట్టును, కొంత భయపెట్టును. తూకము ఒక్కసారి కుదిరినవానికి ఒక జీనునుండి మఱియొక దానికి మారుట కష్టము గాదు. కనుక, పద్ధతిని గాక గురువును, గుఱ్ఱమును ముందుగా ఎన్నుకొనవలెనని మా అభిప్రాయము.

గురువు పొడవైన త్రాటితో గుఱ్ఱమును వలయముగా నడిపించుచు తొలి పాఠములు చెప్పునా? గట్టి శిరస్త్రాణము లేనిదే ఎక్కనీయక యుండునా? మడమగల పాదరక్షలు వేయించునా? మడమ లేనిచో పాదము రికాబులోనికి జాఱి చిక్కుకొనును. పడినవానిని గుఱ్ఱము ఈడ్చుకొనిపోవును. గుఱ్ఱపు వీపున పుండ్లు లేక, డెక్కలు శుభ్రముగా నున్నవా? ఎండ ముదరక ముందే పాఠము ముగించి నీడను, నీటిని చూపుదురా? ఇవి అడుగదగిన ప్రశ్నలు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. పెండ్లి ఊరేగింపునకు వచ్చిన గుఱ్ఱముపై, ముచ్చటకై పిల్లవానిని ఎక్కించి, స్వారి నేర్చుచున్నాడని సంతోషింపవలదు. డోలు మ్రోతకు చిందులు వేయ నేర్చిన గుఱ్ఱము నేర్చువానికి తగినది గాదు. సంవత్సరమున నాలుగు సెలవు దినములే దొరికినను, శాంతమైన గుఱ్ఱముపై, ఓర్పుగల గురువునొద్ద గడుపుట మేలు. అక్కడ దొరకు జీను ఏదైనను దానితోనే ఆరంభింపవచ్చును.