పెరటి కోళ్లను గుడ్ల పెట్టె నుంచి అడ్డకర్రకు మళ్లించే విధానం

పెరటి కోళ్ల గుడ్లు మురికిగా ఉండటానికి కారణం తరచుగా గుడ్ల పెట్టెలోనే ఉంటుంది. పగలు గుడ్డు పెట్టడానికి అమర్చిన పెట్టెలోనే కోళ్లు రాత్రి నిద్రిస్తాయి. నిద్రలోనూ రెట్ట వేస్తాయి కనుక తెల్లవారేసరికి పెట్టెలోని గడ్డి తడిసి ఉంటుంది. ఉదయం పెట్టే గుడ్డు ఆ తడిలోనే పడుతుంది. గుడ్డు పెంకులో వేలాది సూక్ష్మరంధ్రాలు ఉంటాయి. అప్పుడే పెట్టిన వెచ్చని గుడ్డు చల్లబడుతూ లోపల సంకోచించినప్పుడు, పెంకు మీది తేమతో పాటు సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు లోపలికి ప్రవేశిస్తాయి. కడిగితే గుడ్డు శుభ్రంగా కనిపిస్తుందే గాని, పెంకును కాపాడే పలుచని పొర పోతుంది. అటువంటి గుడ్లను నాటుకోడి కింద పొదగవేస్తే మురిగిపోయేవి పెరుగుతాయి. నాలుగు గుడ్లు అమ్ముకొని ఇంటి ఖర్చు గడుపుకొనే మహిళకు ఇది నేరుగా తగిలే నష్టం.

ఒంగోలు పరిసరాల వేసవిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజుల్లో ఇరుకు పెట్టెలో రెండు మూడు కోళ్లు ఒరుసుకొని పడుకుంటే వాటి ఒంటి వేడి బయటకు పోదు. అడ్డకర్ర మీద కూర్చున్న కోడికి నాలుగు వైపులా గాలి తగులుతుంది.

వనరాజా వంటి అభివృద్ధి పరచిన రకాలకు కర్ర ఎక్కే గుణమే లేదన్న మాట గ్రామాల్లో వినిపిస్తుంది. ఇది సరికాదు. పెంపుడు కోళ్లన్నింటికీ ప్రధాన మూలం ఎర్ర అడవికోడి. చీకటి పడేవేళకు ఎత్తైన చోటు వెతుక్కోవడం దాని సహజ గుణం. వేపచెట్టు కొమ్మ మీదికో, పాక దూలం మీదికో ఎక్కే నాటుకోడిలో కనిపించేది అదే. అయితే నేర్చుకొనే వయసు ఒకటుంది. మదర్ యూనిట్లలో నాలుగైదు వారాలు చదును నేల మీదే పెరిగి పంపిణీ అయ్యే పిల్లలకు కర్రతో పరిచయమే ఉండదు. ఆ పిల్లలు ఇంటికి చేరాక వాటిని గంప కింద కమ్మితే నేల మీది నిద్ర మరింత స్థిరపడుతుంది. గంప పిల్లి నుంచి, ముంగిస నుంచి కాపాడుతుంది. అలవాటును మాత్రం మార్చదు.

రెండో కారణం గూటి నిర్మాణం. పెట్టె ఎత్తుగా, కర్ర పల్లంగా ఉంటే కోడి పెట్టెనే ఎంచుకుంటుంది. అందువల్ల ముందుగా కొలతలు సరిచేయాలి. పెట్టెను నేలకు దగ్గరగా, చీకటిగా ఉండే మూల అమర్చి, కర్రను దానికంటే ఎత్తులో కట్టాలి. బరువైన వనరాజా కోళ్లకు 45 నుంచి 60 సెం.మీ. ఎత్తు చాలు, అంతకు మించితే దూకినప్పుడు అరికాళ్లకు దెబ్బ తగిలి పుండ్లు పడతాయి. తేలికైన గ్రామప్రియ కోళ్లకు మరికొంత ఎత్తు పెంచవచ్చు. ఒక్కో కోడికి 15 నుంచి 20 సెం.మీ. చోటు, గోడకు 30 సెం.మీ. ఎడం ఉండాలి. ప్రకాశం జిల్లాలో విరివిగా దొరికే సుబాబుల్, జామాయిల్ కర్రలు 4 నుంచి 5 సెం.మీ. మందంలో ఇందుకు సరిపోతాయి. బెరడు తప్పక తీయాలి. రాత్రివేళ రక్తం పీల్చే ఎర్ర మైట్లు పగలు బెరడు పగుళ్లలోనే దాక్కుంటాయి. పత్తి కట్టె సన్నగా ఉండి విరుగుతుంది, పనికిరాదు. పెట్టె కప్పును ఏటవాలుగా చేస్తే దాని మీద కూర్చోవడమూ తప్పుతుంది.

ఇక అలవాటు మార్చడం. పగలు గుడ్లు పెట్టడం ముగిశాక, పొద్దు గూకక ముందే పెట్టె ముఖాన్ని పలకతో మూసి, తెల్లవారుజామున తెరవాలి. తెరవడం ఆలస్యమైతే కోళ్లు నేల మీద గుడ్లు పెడతాయి; ఈ పద్ధతిని రైతులు మధ్యలో మానేయడానికి అదే చాలు. నేల మీద ముడుచుకున్న కోళ్లను చీకటి పడ్డాక మెల్లగా ఎత్తి కర్ర మీద కూర్చోబెట్టాలి. మసక వెలుతురులో వాటికి చూపు ఆనదు కనుక తిరిగి దిగవు. రోజూ చేస్తే చాలావరకు ఒకటి రెండు వారాల్లో అవే ఎక్కడం మొదలుపెడతాయి. పొదుగుకు కూర్చున్న కోడిని మాత్రం కదపరాదు. అలవాటున్న కోడి హఠాత్తుగా కర్ర మానితే జబ్బునో, కాలి నొప్పినో, కర్రలో చేరిన మైట్లనో అనుమానించాలి.

మిర్చి, పత్తి పండించే ఇళ్లలో ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. చేనుకు కొట్టగా మిగిలిన పురుగుమందును మైట్ల కోసం కర్రకు, ఒక్కోసారి కోడి ఒంటికి పూయడం. ఆ విషం కోడినే కాక గుడ్డు ద్వారా ఇంటిల్లిపాదినీ చేరగలదు. కర్రను విప్పి మరిగే నీళ్లు పోసి ఎండలో ఆరవేయాలి. తగ్గకపోతే పశువైద్యుని సలహా మేరకే మందు వాడాలి.

ఇంత శ్రమను ముందే తప్పించే అవకాశం మదర్ యూనిట్లకు ఉంది. స్వీడన్‌లో గున్నార్సన్, సహ పరిశోధకులు 1999లో ప్రచురించిన అధ్యయనంలో, నాలుగు వారాల వయసులోపే కర్రలు అందిన మందల్లో తర్వాత నేల మీద పెట్టే గుడ్లు తగ్గినట్లు తేలింది. అవి వాణిజ్య షెడ్లలోని మందలు. అయినా వయసుకు సంబంధించిన ఆ ఫలితం పెరటి పెంపకానికీ ఉపయోగపడేదే. రెండో వారం నుంచి 10–15 సెం.మీ. ఎత్తున నాలుగు కర్రలు అడ్డంగా కట్టడానికి మదర్ యూనిట్‌కు అయ్యే ఖర్చు స్వల్పం.