నొప్పి లేని పుండే ప్రమాదం

శ్రీకాకుళం జిల్లా తీరగ్రామాల్లో చేపలు ఎండబెట్టే ఆడవారి నోట్లో చుట్ట నిప్పు కనబడదు, పొగ మాత్రం కనబడుతుంది. నిప్పు ఉన్న కొస నోటి లోపలికి పెట్టుకుని పీల్చే ఈ అలవాటునే ఇక్కడివారు అడ్డపొగ అంటారు. గాలికి ఆరిపోదని, చుట్ట ఎక్కువసేపు వస్తుందని కారణాలు చెబుతారు. తల్లిని చూసి కూతురు, అత్తను చూసి కోడలు నేర్చుకున్న అలవాటు ఇది.

నిప్పు వేడి, పొగ రెండూ నేరుగా అంగిలికే తగులుతాయి. ఇతర ప్రాంతాల్లో నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గకో, నాలుకకో వస్తుండగా, కోస్తాలో అంగిలికి రావడాన్ని వైద్యులు డి.జి.రెడ్డి, వి.కె.రావు 1957లోనే గుర్తించి, అడ్డపొగే కారణమని రాశారు.

ఎవరికి ముప్పు?

అడ్డపొగ తాగేవారికే కాదు, మామూలుగా చుట్ట, బీడీ, సిగరెట్ కాల్చేవారికీ ముప్పే. ఖైనీ, గుట్కా, జర్దా కిళ్లీ నమిలేవారిదీ అదే దారి. పొగాకు లేకుండా ఒట్టి వక్క నమిలినా క్యాన్సర్ రావచ్చు. పొగాకుకు సారా కూడా తోడైతే ముప్పు మరింత పెరుగుతుంది.

గుర్తులు ఇవీ

నోట్లో పుండు రెండు వారాలైనా మానకపోవడం మొదటి గుర్తు. బుగ్గ లోపల, నాలుక మీద, అంగిలిపై తుడిచినా పోని తెల్లమచ్చ గాని, ఎర్రమచ్చ గాని ఉంటే అనుమానించాలి. ఎర్రమచ్చను అసలే తేలికగా తీసుకోకూడదు. కారం తగిలితే మంట, నోరు మునుపటిలా తెరుచుకోకపోవడం, కారణం లేకుండా పళ్లు కదలడం, మింగడం కష్టమవడం, మెడలో గడ్డ కనబడడం కూడా గుర్తులే. నోరు తెరిస్తే మూడు వేళ్లు నిలువుగా పట్టకపోతే వైద్యునికి చూపించాలి.

తొలిదశలో చాలామందికి నొప్పి ఉండదు. "నొప్పే లేదు కదా, వేడి చేసి ఉంటుంది" అని పసరు రాసుకుంటూ నెలలు గడిపేస్తారు. నొప్పి మొదలయ్యాక ఆసుపత్రికి వెళితే అప్పటికే ముదిరిపోయి ఉంటుంది. ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయం కూడా కొందరిని ఆపుతోంది. ఆ భయానికి ఆధారం లేదు. ముక్క పరీక్ష చేయకుండా జబ్బును నిర్ధారించడం సాధ్యం కాదు.

మానితే మేలే

కేరళ, గుజరాత్ పల్లెలతో పాటు శ్రీకాకుళం పల్లెల్లోనూ పొగాకు వాడే 36 వేల మందికి నచ్చజెప్పి చూసిన అధ్యయనం ఫలితాలు 1986లో వెలువడ్డాయి. పొగాకు మానడం పెరిగిన చోట నోటి మచ్చలు తగ్గాయి. ముసలితనంలో మానినా లాభమే.

30 ఏళ్లు దాటిన వారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో నోటి పరీక్ష ఉచితంగా చేస్తారు. పెద్ద వైద్యానికి విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రి, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి.

నెలకొకసారి నోరు పుక్కిలించి, అద్దం ముందు వెలుతురులో నోరంతా చూసుకోవాలి. చూపు ఆనని ముసలమ్మలకు మనుమలే చూసిపెట్టాలి. అంగిలి పైకి చూడవలసిన చోటు కనుక, తల వెనక్కి వాల్చమని చెప్పి మరీ చూడాలి.