ఒక్క ఫోన్ లైను, రెండు కంప్యూటర్లు

డయలప్ రోజుల్లో మోడెమ్ ఒక్కటే, అకౌంటూ ఒక్కటే. మరి చెన్నైలో కొన్ని ఇళ్లలో రెండు కంప్యూటర్లకూ ఒకేసారి ఇంటర్నెట్ ఎలా వచ్చేది?

1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ విఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్‌ను జనానికి ఇచ్చినప్పుడు తొలి నగరాల్లో చెన్నై ఒకటి. 1998లో ప్రైవేటు కంపెనీలకు అనుమతి రాగానే మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ వారి సత్యం ఇన్ఫోవే, చెన్నై కేంద్రంగా ‘సత్యం ఆన్‌లైన్’ మొదలుపెట్టింది. గంటల లెక్కన కొనుక్కోవాలి, ఫోన్ బిల్లు అదనం. అన్న నెట్ ముందు కూర్చుంటే తమ్ముడు వెనక కాచుకోవాల్సిందే.

1999లో విండోస్ 98 సెకండ్ ఎడిషన్‌తో పాటు ఒక కంప్యూటర్‌కున్న కనెక్షన్‌ను రెండోదానికీ పంచే ‘ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్’ వచ్చింది. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్‌లో రెండు ల్యాన్ కార్డులు, ఒక క్రాస్ కేబుల్ కొంటే సామాను సరిపోయేది. క్రాస్ ఎందుకు? మామూలు కేబుల్‌తో కలిపితే రెండు కంప్యూటర్లూ ఒకే తీగల మీద పంపుతాయి, వినేవాళ్లుండరు. అందుకని ఒక కొసన 1, 2 పిన్నుల్లోని తీగలను రెండో కొసన 3, 6లో బిగిస్తారు. మూడో కంప్యూటర్ ఉంటే అన్నిటినీ కలిపే హబ్బు తప్పదు.

మోడెమ్ ఉన్న కంప్యూటర్ 192.168.0.1 అనే చిరునామా పెట్టుకుని, రెండోదానికి అలాంటిదే ఇంకొకటి ఇస్తుంది. ఇవి ఇంటి గడప దాటితే చెల్లవు. కంపెనీ ఇచ్చే అసలు చిరునామా ఒక్కటే. కాబట్టి రెండో కంప్యూటర్ ఏదైనా పేజీ అడిగితే, మొదటిది ఆ విన్నపం మీద అసలు చిరునామా వేసి, ఒక పోర్టు నంబరు కేటాయించి, ఎవరి తరఫున అడిగిందో పట్టికలో రాసుకుంటుంది. జవాబు ఆ పోర్టుకే వస్తుంది. పట్టిక చూసి అప్పజెబుతుంది. ఇంట్లో ఎందరున్నారో అవతలి సర్వరుకు తెలియదు. దీన్నే న్యాట్ అంటారు. మొదటి కంప్యూటర్ ఆపేస్తే రెండోదానికీ నెట్ పోయేది ఇందుకే.

మరి వేగం సగం కాదా? ప్రతిసారీ కాదు. 56కె మోడెమ్‌లో సెకనుకు మహా అయితే 7 కిలోబైట్లు. 4, 5 వచ్చినా గొప్పే. కానీ పేజీ తెరుచుకున్నాక మనం చదువుకునేంతసేపూ లైను ఖాళీ. ఆ సందులో రెండోవాళ్ల మెయిల్ దిగిపోతుంది. ఒకరు పాట దించుకోవడం మొదలుపెడితే మాత్రం గొడవే: 4 ఎంబీ ఎంపీ3కి దాదాపు పావుగంట, అంతసేపూ రెండోవాళ్లది నత్తనడక. ల్యాన్ కార్డు ఎంత వేగందైనా లాభం లేదు, ఇరుకంతా ఫోన్ తీగలోనే.

నన్నడిగితే ఈ ఏర్పాటు వేగం కోసం కాదు, బిల్లు కోసం: ఒక్క కాల్ ఖర్చుతో ఇద్దరి పని అయ్యేది. ఇవాళ మీ ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టినా లోపల నడిచేది ఆ న్యాటే.